థాంక్యూ చెప్పేముందు ఆఖరి రోజు ఎప్పుడో అడగండి

అమెరికాలో ఉద్యోగానికి కొత్తగా వెళ్తున్నారు కదా, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, గది అద్దె గురించి మీ సీనియర్లు ఎలాగూ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. అమెరికా ఆఫీసులో ఉద్యోగం పోతే "పోయింది" అని ఎవరూ అనరు.

మొన్న మన విజయనగరం గుంటడొకడికి మేనేజరు "వుయ్ ఆర్ గోయింగ్ ఇన్ ఎ డిఫరెంట్ డైరెక్షన్" అన్నాడట. వీడు ప్రాజెక్టు మారుతోందనుకుని, బుద్ధిగా తలూపి, థాంక్యూ చెప్పి వచ్చేశాడు. సాయంత్రం ల్యాప్‌టాప్ లాగిన్ అవకపోతే పాస్‌వర్డ్ గొడవేమోనని హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ కూడా చేశాడు. మూడు లాంతర్ల దగ్గర కనబడి వాళ్ల నాన్నగారు "మావాడికి ఇంగ్లీషులో మంచి మార్కులండీ" అన్నారు. ఉంటాయి బాబూ, కాదన్నదెవరు? ఆ పరీక్షలో ఇవి అడగరు.

నా మొదటి నెలలూ అలాగే గడిచాయి. మేనేజరు "క్విక్ చాట్" అని మెసేజ్ పెడితే చాలు, ఆ పూట అన్నం దిగేది కాదు.

"లెట్ గో" అంటే తీసేశారని. "లేడ్ ఆఫ్" అంటే పని తగ్గో, ఖర్చు తగ్గించుకోడానికో తీసేశారు, అందులో మీ తప్పేం లేదు. "ఫైర్డ్" అంటే పనో ప్రవర్తనో నచ్చక పంపేశారు. "పిప్" అంటే పని మెరుగుపరుచుకోమని గడువు పెట్టి ఇచ్చే కాగితం. దాని మీద పెట్టారా, ఆ రాత్రే రెజ్యూమే బయటికి తీయండి. ఫలానా ఆయన "పర్స్యూయింగ్ అదర్ ఆపర్చునిటీస్" అని మెయిల్ వస్తే, ఆయనే వెళ్లాడో పంపించారో ఆరా తీయకండి. లండన్ వైపు వెళ్లినవాళ్లకి "గార్డెన్ లీవ్" అంటారు. జీతమిస్తూ నోటీసు కాలమంతా ఇంట్లో కూర్చోబెట్టడం అన్నమాట.

అసలు టెన్షన్ ఇక్కడుంది. హెచ్ఆర్ వాళ్లు మెత్తగా "రాజీనామా అని రాసుకుందామా, మీ రికార్డుకి బాగుంటుంది" అంటే మొహమాటపడి వెంటనే సంతకం పెట్టేయకండి. హెచ్-1బి, అంటే కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లని ఆ గడువు తీరకముందే కంపెనీయే తీసేస్తే, స్వదేశానికి తిరిగి వెళ్లే ప్రయాణ ఖర్చు కంపెనీదే. మీరే రాజీనామా చేస్తే అది రాదు. ఎలా మానేసినా దేశంలో ఉండటానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, దాని గడువు అంతకుముందే తీరితే ఆ తేదీ వరకే. మామూలుగా జీతం వచ్చే ఆఖరి రోజు మర్నాటి నుంచి లెక్క. అందుకే సిగ్గుపడకుండా "వాట్ ఈజ్ మై లాస్ట్ డే ఆన్ పేరోల్?" అని అడగండి. లేఆఫా, రాజీనామానా అన్నదీ అడగండి. నోటితో చెబితే ఒప్పుకోవద్దు, మెయిల్‌లో రాయించుకోండి. ఎన్నిసార్లు చెప్పినా "అలాగే అన్నయ్యా" అంటారు, అడగరు!

సరే, మరీ బెంగ పడకండి. ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ మీ పేరున హెచ్-1బి పిటిషన్, అంటే దరఖాస్తు, వేస్తే, ఆమోదం వచ్చేదాకా ఆగకుండా పనిలో చేరిపోవచ్చు. మనవాడూ అలాగే చేరాడు లెండి.