అయిదింటికి ప్రయాణం, ఆరింటికి మ్యాచ్: వేసవి సెలవుల్లో ఎన్‌బీఏ చూడటం ఎలా

ఏప్రిల్ మధ్యలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ (చివరి దశ పోటీలు) మొదలవుతాయి, ఫైనల్స్ జూన్‌లో. పిల్లల సెలవులూ సరిగ్గా అప్పుడే. అంటే బెంగళూరులో ఉంటూ బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టిన తెలుగువాళ్లు అసలైన మ్యాచ్‌లన్నీ కారులోనో, అత్తగారింట్లోనో, పెళ్లి పందిట్లోనో చూడాల్సిందే. దొంగచాటుగా చూస్తే తిట్లు తప్పవు, ఇంట్లోవాళ్లని కూడా అందులోకి లాగడమే దారి. మాది అనంతపురం రూటు కాబట్టి దాన్నే పట్టుకుని చెప్తాను.

ముందు టైమ్ లెక్క. ఎండాకాలంలో న్యూయార్క్ టైముకి తొమ్మిదిన్నర గంటలు కలపండి, చలికాలంలో అయితే పదిన్నర. అక్కడ రాత్రి 8:30 అంటే మనకి మర్నాడు పొద్దున 6:00. తేదీ కూడా మారుతుంది, వాళ్ల గురువారం మ్యాచ్ మనకి శుక్రవారం. గొడవంతా ఇక్కడే, ఎందుకంటే ఎండ ఎక్కకముందే, హెబ్బాళ దగ్గర జామ్ కాకముందే, అయిదింటికల్లా బయల్దేరాలని నాన్న ముందురోజే తీర్మానం చేసేసి ఉంటారు. వాదించకండి, నిజానికి ఆ టైమే మనకి మేలు. మారతహళ్లిలో అయిదింటికి కదిలితే బంతి పైకి లేచి ఆట మొదలయ్యేసరికి దేవనహళ్లి చుట్టుపక్కల ఉంటారు, హాఫ్‌టైమ్ ఏడుంపావుకి అటూఇటూగా పడుతుంది, అప్పటికి బాగేపల్లి వస్తుంది. టిఫిన్‌కి అక్కడ ఆపించండి. హాఫ్‌టైమ్ 15 నిమిషాలే గానీ మనవాళ్ల టిఫిన్ అంతలో అయ్యేది కాదు, ఒకరికి దోసె మాడిందని, ఇంకొకరికి కాఫీలో చక్కెర ఎక్కువైందని ఎలాగూ ఆలస్యం చేస్తారు కాబట్టి మూడో క్వార్టర్ సగం టేబుల్ మీదే చూసేయొచ్చు.

బండి నడిపేవాళ్లు మాత్రం స్క్రీన్ వైపు చూడకూడదు, ఇందులో బేరాల్లేవు. వెనక సీట్లో పిల్లాడికి ఫోనిచ్చి కామెంటరీ చెప్పమనండి. "నీలం వాళ్లు వేశారు. కాదు కాదు, తెల్ల వాళ్లు. అమ్మా, నెట్ తిరుగుతోంది" అన్న స్థాయిలోనే ఉంటుంది, సర్దుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: "ఇంకో రెండు నిమిషాలే ఉంది" అని ఇంట్లో ఎవరికీ, ఎప్పుడూ చెప్పొద్దు. 48 నిమిషాల ఆటకి రెండున్నర గంటలు పట్టేది ఊరికే కాదు. వెనకబడ్డ జట్టు గడియారం ఆపడానికి కావాలనే ఫౌల్ చేస్తుంది, అవతలివాళ్లు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్లు) వేస్తారు, ఇంతలో ఎవరో టైమ్‌అవుట్ అంటారు, తర్వాత రిఫరీలు రీప్లే చూస్తారు. చివరి రెండు నిమిషాల్లో బుట్ట పడిన ప్రతిసారీ గడియారం ఆగుతుంది కూడా. మీ రెండు నిమిషాలు పావుగంట అవుతాయి, అటుపైన ఓవర్‌టైమ్ వస్తే ఇంకో అయిదు "నిమిషాలు". "అరగంట పడుతుంది" అని చెప్పి పాతిక నిమిషాల్లో లేవండి, మంచిపేరు వస్తుంది.

ఊరు చేరాక టీవీ జోలికి పోవద్దు. పొద్దున్నే అందులో భక్తి ఛానల్ నడుస్తుంటుంది, రిమోట్ అవ్వ దిండు కింద ఉంటుంది. వంటింటి గట్టు మీద నీళ్ల చెంబుకి ఫోన్ ఆనించి పెట్టుకుంటే చాలు, ఉగ్గాని తింటూ చూడొచ్చు, వచ్చేపోయేవాళ్లు ఓ చూపు వేస్తారు. అక్కడే పని మొదలవుతుంది. రూల్స్ చెప్పొద్దు, మనుషుల గురించి చెప్పండి. "ఇంత పొడుగు మనుషులకి మంచాలు యాడ దొరుకుతాయిరా?" అని అవ్వ అడిగిందంటే సగం గెలిచినట్టే. తాతకి డెన్వర్ జట్టు ఆటగాడు యోకిచ్ కథ చెప్పండి: సెర్బియాలో సోంబోర్ అనే ఊరివాడు, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2014 డ్రాఫ్ట్‌లో 41వ నంబరు దాకా ఎవరూ తీసుకోలేదు, తర్వాత మూడుసార్లు ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, 2023లో డెన్వర్‌కి కప్పు గెలిపించాక కూడా ఊరికెళ్లి తన పందెపు గుర్రాలను చూసుకోవాలనే తొందర. బండలాగుడు పోటీలకి ఎద్దుల్ని మేపిన మనిషికి ఇంకేం చెప్పాలి. "అట్లయితే వాడు మనోడే" అని తాత డెన్వర్ వైపు వచ్చేస్తారు. రూల్స్ తప్పదనుకుంటే ఒక్కటే చెప్పండి: కబడ్డీలో కూతకి 30 సెకన్లు ఉన్నట్టే ఇక్కడ బంతి వేయడానికి 24.

మ్యాచ్ తప్పిపోయి సాయంత్రం చూడాలనుకుంటే పొద్దున్నే ఫ్యామిలీ గ్రూప్ మ్యూట్ చేయండి. న్యూజెర్సీలో ఉండే బావ "చూశావా!!" అని మూడు ఏడుపు బొమ్మలు పెడితే స్కోరు చెప్పినట్టే. ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూపించే లీగ్ పాస్ యాప్‌లో స్కోర్లు దాచే సెట్టింగ్ ఉంది, ఆన్ చేసుకోండి. యూట్యూబ్ అసలు తెరవొద్దు, హైలైట్స్ ఫొటోలోనే ఫలితం ఉంటుంది.

జెర్సీ అనంతపురం ఎండకి బ్రహ్మాండంగా ఉంటుంది, కాకపోతే చేతుల్లేని చొక్కా కాబట్టి "బనీను మీద బయటికొచ్చావేం?" అంటారు. చెప్పి ఒప్పించలేరు, లోపల టీషర్ట్ వేసుకోండి.

పిల్లలకి బంతి తీసుకెళ్తే గాలి తీసేసి బట్టల మధ్య పెట్టండి, డిక్కీలో చోటు కలిసొస్తుంది. చిన్నవాళ్లకి 5వ సైజు, పెద్ద మగవాళ్లకి 7, ఆడవాళ్లకి 6. గాలి కొట్టే సూది మాత్రం మీరే పర్సులో పెట్టుకోండి, ఊళ్లో సైకిల్ షాపులో పంపు ఉంటుంది గానీ సూది ఉండదు.