గణిత యాప్లెట్లలో వచ్చే చిక్కులు: సమస్య, కారణం, పరిష్కారం

వెబ్ పేజీలో బొమ్మలు గీసే కాన్వాస్ మీద జావాస్క్రిప్ట్‌తో గణిత యాప్లెట్లు (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాములు) రాసేవారి కోసం ఇది. యానిమేషన్ లూప్ రాయడం, స్లైడర్ పెట్టడం ఇప్పటికే వచ్చి ఉండాలి. మామూలు పేజీలో బగ్ ఉంటే బటన్ పనిచేయదు, ఎవరో ఒకరు చెబుతారు. గణిత యాప్లెట్ మాత్రం చక్కగా పనిచేస్తూనే పిల్లలకు తప్పు లెక్క చూపించగలదు. ఎర్రర్ రాదు, కన్సోల్ ఖాళీగా ఉంటుంది. కింద చెప్పినవాటిలో చాలావాటికి మూలం ఒక్కటే: రెండు వేర్వేరు కొలతలు కలగలిసిపోవడం. ఫ్రేమ్‌ను సమయంగా, పిక్సెల్‌ను గ్రాఫు యూనిట్‌గా, దశాంశాన్ని కచ్చితమైన సంఖ్యగా తీసుకోవడం.

వృత్తం మీది బిందువు కొన్ని ఫోన్లలో రెట్టింపు వేగంతో తిరుగుతోంది

ప్రతి ఫ్రేమ్‌కీ కోణానికి 0.02 రేడియన్లు కలుపుతున్నారేమో చూడండి. పూర్తి చుట్టుకు దాదాపు 314 ఫ్రేములు కావాలి. 60 హెర్ట్జ్ తెర మీద అది 5.2 సెకన్లు, 120 హెర్ట్జ్ ఫోన్‌లో 2.6 సెకన్లు. 2020 డిసెంబర్ 31తో పాత యానిమేషన్ ప్లగిన్ అయిన ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయాక పాత యాప్లెట్లను తిరగరాసినప్పుడు ఈ తప్పు బాగా దొర్లింది. సెకనుకు 24 ఫ్రేములకు సరిపెట్టిన అంకెను అలాగే తెచ్చేశారు. ఫ్లాష్‌లో వస్తువు రొటేషన్ డిగ్రీల్లో ఉండేది, కాన్వాస్‌లో రేడియన్లలో ఇవ్వాలి. ఆ తేడా కూడా చూసుకోండి.

వేగాన్ని ఫ్రేముల్లో కాకుండా సెకన్లలో రాయండి: సెకనుకు 1.2 రేడియన్లు. రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ మీ ఫంక్షన్‌కు ఇచ్చే సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. అందులోంచి కిందటి ఫ్రేమ్ సమయం తీసేసి 1000తో భాగించి, వచ్చినదాన్ని వేగంతో గుణించి కోణానికి కలపండి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటి ఫ్రేమ్‌లో కిందటి సమయం అంటూ ఉండదు కాబట్టి తేడాను 0గా పెట్టండి. లేకపోతే కోణం నాన్ (సంఖ్య కాని విలువ) అయిపోతుంది. గీత గీసే ఆదేశాలకు నాన్ ఇస్తే కాన్వాస్ ఎర్రర్ చూపదు, గీయడం మానేస్తుంది. తెర ఖాళీగా ఉండి కన్సోల్‌లో ఏమీ లేకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. రెండోది, ట్యాబ్ వెనక్కి వెళ్లినప్పుడు లూప్ ఆగుతుంది. 40 సెకన్ల తర్వాత తిరిగొస్తే ఆ మొత్తం ఒకే తేడాగా వచ్చి బొమ్మ ఎగిరిపడుతుంది. తేడా 0.05 సెకన్లు దాటకుండా కత్తిరించండి.

ప్లే బటన్ రెండోసారి నొక్కినప్పుడు మాత్రమే వేగం పెరిగితే కారణం వేరు. రెండు లూపులు పక్కపక్కన నడుస్తున్నాయి. లూప్ ఐడీని దాచుకుని, కొత్తది మొదలుపెట్టే ముందు పాతదాన్ని రద్దు చేయండి.

వేలు ఒకచోట, బిందువు ఇంకోచోట

కాన్వాస్‌కు రెండు సైజులుంటాయి. లోపలి పిక్సెళ్ల లెక్క ఒకటి, ఏమీ ఇవ్వకపోతే అది 300 × 150. పేజీలో కనిపించే సైజు మరొకటి, అది సీఎస్ఎస్ నిర్ణయిస్తుంది. సీఎస్ఎస్‌లో వెడల్పు 100 శాతం అని మాత్రమే రాస్తే చిన్న బొమ్మ సాగి మసకబారుతుంది, వేలి స్థానం తప్పుతుంది. ఎడమ అంచు దగ్గర సరిగ్గా ఉండి, కుడికి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంటే కారణం కచ్చితంగా ఇదే.

గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్‌తో కనిపించే సైజు తీసుకోండి. దాన్ని డివైస్‌పిక్సెల్‌రేషియోతో గుణించి లోపలి సైజుగా పెట్టండి. తర్వాత సెట్‌ట్రాన్స్‌ఫార్మ్‌లో అదే నిష్పత్తి ఇవ్వండి. ఇక గీత, తాకుడు రెండూ ఒకే కొలతలో ఉంటాయి. లోపలి సైజు మార్చగానే బొమ్మతోపాటు స్కేలు కూడా చెరిగిపోతుంది. అందుకే ఫోన్ అడ్డం తిప్పినప్పుడల్లా స్కేలు మళ్లీ పెట్టి, బొమ్మ మళ్లీ గీయాలి.

లాగుతుంటే పేజీ కూడా జరుగుతోందా? కాన్వాస్‌కు సీఎస్ఎస్‌లో టచ్-యాక్షన్ నన్ పెట్టండి. వేగంగా లాగినప్పుడు బిందువు చేజారితే, పాయింటర్ కిందికి వచ్చిన క్షణంలో సెట్‌పాయింటర్‌క్యాప్చర్ పిలవండి. బిందువును 6 పిక్సెళ్ల వ్యాసార్థంతో గీసినా, పట్టుకునే వ్యాసార్థం 22 పిక్సెళ్ల కంటే తగ్గించకండి. పిల్లల వేలి కింద అసలు బిందువే కనబడదు.

వృత్తం మీద లాగుతుంటే 180 డిగ్రీల దగ్గర కోణం గెంతుతోంది

బిందువు స్థానం నుంచి కోణం లెక్కగట్టే ఏటాన్2 ఇచ్చే విలువ మైనస్ 180 నుంచి 180 డిగ్రీల మధ్యే ఉంటుంది (అసలు రేడియన్లలో). 179 తర్వాత మైనస్ 179 వస్తుంది. కోణాన్ని నేరుగా వాడకుండా కిందటి కోణంతో తేడా తీయండి. తేడా 180 దాటితే 360 తీసేయండి, మైనస్ 180 కంటే తగ్గితే 360 కలపండి. ఆ తేడాను మొత్తానికి కలుపుతూ పోతే 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు కూడా సరిగ్గా చూపించవచ్చు. ఏటాన్2కి ముందు వై, తర్వాత ఎక్స్ ఇవ్వాలి. తెర మీద వై కిందికి పెరుగుతుంది, కాబట్టి దాని గుర్తు మార్చి ఇవ్వండి.

టాన్ గ్రాఫులో 90 డిగ్రీల దగ్గర నిలువు గీత

అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది ఇదే. ఆ గీత చూసిన విద్యార్థి టాన్ 90 దగ్గర కూడా విలువ ఉందనుకుంటాడు.

గ్రాఫు అంటే మనం గీసేది చిన్న చిన్న సరళరేఖలు. 90కి ఎడమవైపు చివరి నమూనా ఎక్కడో పైన, కుడివైపు మొదటిది ఎక్కడో కింద ఉంటుంది. లైన్‌టు ఆ రెంటినీ కలిపేస్తుంది. యూనిట్‌కు 40 పిక్సెళ్ల స్కేలులో పిక్సెల్‌కు ఒక నమూనా తీస్తే రెండు నమూనాల మధ్య దూరం 0.025. అసింప్టోట్ (గ్రాఫు దగ్గరవుతూనే ఎప్పటికీ తాకని గీత) ఆ మధ్యలో పడితే రెండు విలువల పరిమాణం దాదాపు 40కి తగ్గదు. 400 పిక్సెళ్ల ఎత్తున్న తెరలో కనబడేదేమో మైనస్ 5 నుంచి 5 దాకానే. కాబట్టి షరతు ఇలా రాయండి: పక్కపక్క విలువల గుర్తులు వేరై, రెండింటి పరిమాణమూ తెర పరిధి దాటితే కలం ఎత్తండి, అంటే లైన్‌టు బదులు మూవ్‌టు. 1/ఎక్స్ గ్రాఫుకూ ఇదే సరిపోతుంది. ఎక్స్ సరిగ్గా 0 అయినప్పుడు విలువ అనంతం అవుతుంది, ఆ నమూనాను వదిలేసి అక్కడ కూడా కలం ఎత్తండి.

విలువ చూపించే చోట వేరే ఉచ్చు ఉంది. పై/2కి టాన్ అడిగితే జావాస్క్రిప్ట్ అనంతం ఇవ్వదు, 16331239353195370 ఇస్తుంది. అందుకని కోసైన్ పరిమాణం 10 ఘాతం మైనస్ 10 కంటే తక్కువైతే 'నిర్వచితం కాదు' అని రాయండి. 360 డిగ్రీల సైన్‌ను టుఫిక్స్‌డ్‌తో రెండు దశాంశాలకు చూపిస్తే −0.00 అని పడుతుంది. పరిమాణం 0.005 కంటే తక్కువైతే 0 అని చూపండి.

వర్గ సమీకరణం స్లైడర్లు: సమాన మూలాలు ఉన్నా 'వాస్తవ మూలాలు లేవు' అంటోంది

ఏ = 0.1, బీ = 0.6, సీ = 0.9 పెట్టి చూడండి. ఇది 0.1 × (ఎక్స్ + 3) వర్గం. పరావలయం అక్షాన్ని మైనస్ 3 దగ్గర తాకాలి, విచక్షణి (బీ వర్గం − 4 × ఏ × సీ) సున్నా కావాలి. కానీ 0.6 × 0.6 చేస్తే 0.36 వస్తుంది, 4 × 0.1 × 0.9 చేస్తే 0.36000000000000004. తేడా రుణ సంఖ్య, కాబట్టి మీ కోడు మూలాలు లేవంటుంది.

విచక్షణిని సున్నాతో పోల్చే చోట చిన్న హద్దు పెట్టడం ఒక దారి. దానికంటే మేలైనది, స్లైడర్లను మైనస్ 50 నుంచి 50 దాకా పూర్ణాంకాలుగా నడిపి, చూపించేటప్పుడు మాత్రమే 10తో భాగించడం. అప్పుడు 6 × 6 − 4 × 1 × 9 సరిగ్గా 0. స్లైడర్ విలువ అక్షరాల రూపంలో వస్తుందనీ మరిచిపోకండి: దానికి 1 కలిపితే 2 కాస్తా 21 అవుతుంది. వాల్యూయాజ్‌నంబర్ వాడండి.

లోలకం ఊపు తనంతట తానే పెరుగుతోంది

కోణాన్నీ వేగాన్నీ రెండింటినీ పాత విలువలతోనే మారుస్తున్నారు. ఒక మీటరు లోలకాన్ని 1/60 సెకను అడుగులతో ఇలా నడిపితే, చిన్న ఊపు 10 సెకన్లకు రెట్టింపు దాటుతుంది. శక్తి నిత్యత్వం చూపించాల్సిన బొమ్మ శక్తిని పుట్టిస్తోంది. కోణం, వేగం మార్చే వరుసలను ఈ క్రమంలో పెట్టండి: ముందు వేగం, తర్వాత ఆ కొత్త వేగంతో కోణం. అడుగు పొడవు కూడా 1/120 సెకనుగా స్థిరపరచండి.

మొదట బాగానే ఉండి, పోనుపోను నెమ్మదిస్తోంది. తుడిచిన గీతలు మళ్లీ వస్తున్నాయి

ప్రతి ఫ్రేమ్‌లో బిగిన్‌పాత్ పిలవడం మరిచారు. క్లియర్‌రెక్ట్ పిక్సెళ్లను తుడుస్తుంది కానీ పాత దారిని మరవదు.

తెలుగు లేబుళ్లు

మొదటిసారి తెరిచినప్పుడు లేబుల్ వేరే ఫాంట్‌లో పడి, స్లైడర్ కదపగానే సరైపోతుంటే, ఫాంట్ దిగకముందే గీశారన్నమాట. డాక్యుమెంట్.ఫాంట్స్.లోడ్ పూర్తయ్యాక గీయండి. దానికి రెండో విలువగా తెలుగు అక్షరాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే అది ఖాళీ స్థలం గుర్తుకు కావాల్సిన ఫైలునే తెస్తుంది, లిపుల వారీగా ముక్కలు చేసిన ఫాంట్‌లో తెలుగు భాగం రానేరాదు.

ఒక్కో అక్షరం కనబడే యానిమేషన్‌లో 'త్రిభుజం' ముందు 'త', తర్వాత 'త్', 'త్ర' అంటూ విరిగి వస్తుంది. కంటికి మూడు అక్షరాలే అయినా యూనికోడ్‌లో అవి ఎనిమిది. ఇంటల్.సెగ్మెంటర్‌తో విడగొట్టండి. పాత బ్రౌజర్లు అప్పటికీ 'త్', 'రి' అని విడదీస్తాయి కాబట్టి, పొల్లుతో ముగిసిన ముక్కను తర్వాతి ముక్కకు అతికించే వరుస ఒకటి చేర్చండి.