టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్ మీద కామెడీ షార్ట్ ఫిల్మ్: వైజాగ్‌లో ఇలా తీయండి

గెట్ టుగెదర్ కామెడీ అనగానే అందరూ రాసేది ఒకటే కథ. ఒకడికి బట్టతల, ఒకడికి పొట్ట, ఫస్ట్ ర్యాంకోడు ఖాళీగా ఉంటాడు, లాస్ట్ బెంచీవాడు పెద్ద కారులో దిగుతాడు. దయచేసి వద్దు. రెండు నిమిషాల్లో ఆ నవ్వు అయిపోతుంది, మిగతా టైమ్ ఎలా నింపాలో తెలీక ఫ్లాష్‌బ్యాకూ ఏడుపూ పెట్టేస్తారు.

దానికి బదులు ఒక చిన్న గొడవ వెతకండి. స్కూల్లో జరిగి, ఇప్పటిదాకా తేలనిది, తేలినా ఎవరికీ పైసా లాభం లేనిది. ఉదాహరణకి 2006 టెన్త్ బ్యాచ్ అనుకుందాం. వాళ్లు తొమ్మిదిలో ఉండగా, 2005 ఏప్రిల్ 5న, మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టాడు. ఎండాకాలం, ఒంటిపూట బడులు. ధోనీ ఊపు మీదుండగా మన కథలోని స్కూల్లో ఎవరో గంట ముందే లాంగ్ బెల్ కొట్టేశారు, పిల్లలంతా టీవీలున్న ఇళ్లకి పరుగో పరుగు. మర్నాడు మాస్టారు ఎంత బాదినా ఒక్కడూ ఒప్పుకోలేదు. అలాంటిది ఇరవై ఏళ్ల తర్వాత కలిసినప్పుడు ముగ్గురు "నేనే కొట్టాను" అని లేస్తారు. అప్పుడు ఎవరికీ అక్కర్లేని నేరం ఇప్పుడు అందరికీ కావాలి, ఇక మీ సినిమా మొత్తం దీని మీదే నడుస్తుంది.

"బెల్లు కొట్టింది నేను రా. ఇదిగో, ఈ వేలికి దెబ్బ కూడా తగిలింది."
"ఆ వేలు సైకిల్ చైన్లో పెట్టుకున్నావు గురూ, మా ఇంటి ముందే."
"అసలు నువ్వు ఆ రోజు స్కూలుకే రాలేదు కదేటి!"

ఇందులో జోకు ఒక్కటి కూడా లేదు, గమనించారా? ముగ్గురూ సీరియస్‌గానే ఉన్నారు. నటించేవాళ్లకి మీరు చెప్పాల్సింది కూడా అదే, నవ్వించడానికి ట్రై చేయొద్దు, ఆస్తి పంపకాల్లో కూర్చున్నట్టు వాదించండి అని. ముగ్గురిలో ఒకరు అమ్మాయైతే ఇంకా బాగుంటుంది. ఈ సినిమాల్లో ఆడపిల్లలు ఎవడో ఒకడి పాత క్రష్‌గా తప్ప కనపడరు, చూసి చూసి విసుగొచ్చింది. వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ మాత్రం కచ్చితంగా ఉండాలి, ఎంత పెద్ద గొడవ జరుగుతున్నా మధ్యలో దూరి "ఇంకా నలుగురు డబ్బులు వేయలేదు, స్క్రీన్‌షాట్ పెట్టండి" అనాలి.

యాస గురించి ఒక మాట. ఉత్తరాంధ్ర యాసని అమాయకుడి పాత్రకో దొంగ పాత్రకో తగిలించే అలవాటు సినిమావాళ్లది, మనకి వద్దు. హైదరాబాద్‌లో స్థిరపడినవాడు మొదట్లో నీట్‌గా మాట్లాడి, కోపం వచ్చేసరికి "ఏటి సేస్తావేటి" అని జారిపోతే చాలు.

స్క్రిప్టు పన్నెండు పేజీలు దాటనివ్వకండి, పేజీకి సుమారు నిమిషం లెక్క. పాత్రలు ఐదారుగురు, ఒక హాలు, ఒక బీచ్ సీను.

ఇప్పుడు షూటింగ్. మన సముద్రం తూర్పున ఉంది, అంటే సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు గానీ నీళ్లలో మునగడు. పొద్దున్న సముద్రానికి వీపు పెట్టి నిలబెడితే మొహాలు నల్లగా వస్తాయి. అలలు వెనకాల కనపడాలంటే సాయంత్రం తీయండి, వెలుగు ఊరివైపు నుంచి వచ్చి మొహాల మీద పడుతుంది, కాకపోతే కొండలూ బిల్డింగులూ అడ్డం కాబట్టి అనుకున్నదానికంటే ముందే పోతుంది. ఆర్కే బీచ్‌లో సాయంత్రాలు జనం ఎక్కువ, డైలాగులున్న సీనైతే ఆదివారం మానేసి భీమిలి వైపు వెళ్లండి. కురుసుర సబ్‌మెరైన్ ముందు స్లో మోషన్ నడక మాత్రం పెట్టకండి, మన ఊరి షార్ట్ ఫిల్మ్‌ల్లో సగం వాటిల్లో అదే ఉంటుంది. డ్రోన్ జోలికీ పోవద్దు, నేవీ ఉన్న ఊరు, పర్మిషన్ లేకుండా ఎగరేస్తే కామెడీ అక్కడితో ఆగిపోతుంది. కైలాసగిరి లాంటి పార్కుల్లో స్టాండ్ వేసి తీయాలనుకుంటే ముందే వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ) వాళ్లని అడగండి.

ఫోన్ చాలు. హాల్లో ట్యూబ్‌లైట్లు ఉంటే సెకనుకి 25 ఫ్రేములు, షటర్ స్పీడ్ సెకనులో 1/50 వంతు పెట్టండి, లేకపోతే వీడియోలో లైట్లు కొట్టుకుంటాయి. ఫోకస్, వెలుగు లాక్ చేయడం మర్చిపోవద్దు. అసలు డబ్బు పెట్టాల్సింది సౌండు మీద. కాలర్‌కి పెట్టే మైకులు రెండు అద్దెకి తెచ్చుకోండి, బీచ్‌లో వాటికి బొచ్చు తొడుగు వేయకపోతే గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. సీన్ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం అలల శబ్దం విడిగా రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా అదే కాపాడుతుంది. పాత సినిమా పాట పెడదామని అందరికీ ఉంటుంది, కానీ యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. బ్యాచ్‌లో కీబోర్డ్ వాయించేవాడు ఎవడో ఒకడు దొరక్కపోడు, వాడిని పట్టుకోండి.

ఇంతకీ బెల్లు ఎవరు కొట్టారు? చివర్లో లెక్కల మాస్టారు వస్తారు. అందరినీ బాదిన ఆయనే. గొడవంతా విని, పకోడీ నములుతూ, "సెంచరీకి దగ్గరకొచ్చేశాడు కదరా, ఇంకేం చెయ్యను" అంటారు. అక్కడే కట్ చేయండి, తర్వాత ఒక్క రియాక్షన్ షాట్ కూడా వద్దు.

టైటిల్స్‌లో వంద రూపాయలిచ్చినవాళ్ల పేరు కూడా వేయండి, లేదంటే రాత్రికి రాత్రే గ్రూప్‌లోంచి లెఫ్ట్ అయిపోతారు.