స్వీయ వ్యాసం రాద్దాం – 4వ పాఠం: క్రియ చివర చూడండి

పోయిన పాఠంలో ఒక సంఘటనను 150 మాటల్లో రాసి పెట్టుకోమన్నాం. ఆ కాగితం తీయండి. ఇప్పుడు కొత్తగా ఏమీ రాయొద్దు, ప్రతి వాక్యం చివర ఉన్న క్రియ కింద గీత గీయండి. దాదాపు అన్నీ 'వచ్చారు', 'అన్నారు', 'ఏడ్చాను' అనే ఉంటాయి. చిక్కు అక్కడే ఉంది.

'నాన్న బస్టాండుకు వచ్చారు' అంటే కళ్లారా చూసింది. 'వచ్చారట' అంటే అమ్మ చెప్తే విన్నది. 'వచ్చే ఉంటారు' అంటే గుమ్మం పక్కన తడి గొడుగు చూసి ఊహించింది. 'నేను వెనక్కి తిరిగి చూడాల్సింది' అంటే అప్పుడు చెయ్యనిది, ఇప్పుడు గుచ్చుకుంటున్నది. జ్ఞాపకం, వినికిడి, ఊహ, పశ్చాత్తాపం – నాలుగింటికీ మన భాషలో వేర్వేరు రూపాలున్నాయి. అన్నిటినీ 'వచ్చారు'లోనే పోసేస్తే పాఠకుడికి అనుమానం వస్తుంది. ఆరేళ్లప్పటి సంభాషణ మాటకు మాట ఎలా గుర్తుందని అడుగుతాడు, న్యాయంగానే.

గీత గీసిన ఒక్కో క్రియ దగ్గర ఆగి, చూశానా, విన్నానా, ఊహించానా అని అడిగి రూపం మార్చండి. ఆ దృశ్యంలో మీరు మీకే బయటినుంచి కనిపిస్తుంటే, అది ఏ ఫొటోలోంచో, ఇంట్లో పదేపదే చెప్పుకున్న మాటల్లోంచో వచ్చిందేమో చూసుకోండి. అలాగని ప్రతి వాక్యానికీ 'ఉంటుంది', 'అనుకుంటా' తగిలించొద్దు, పేరా అంతా పొగమంచు కమ్ముతుంది. పేరా మొదట్లో ఒక్కసారి 'ఇక్కడినుంచి నా ఊహ' అని చెప్పేసి, ఆ తర్వాత మామూలు భూతకాలంలో ధైర్యంగా రాయండి.

ఊహను చివరిదాకా దాచి నెగ్గిన వ్యాసమూ ఉంది. ఆంగ్ల వ్యాసకర్త చార్లెస్ లాంబ్‌కు జాన్ అనే అన్నయ్య ఉండేవాడు, 1821లో చనిపోయాడు. 1822 జనవరిలో లండన్ మ్యాగజైన్‌లో లాంబ్ 'డ్రీమ్ చిల్డ్రన్' వచ్చింది. అందులో కథకుడు ఆలిస్, జాన్ (అన్నయ్య పేరే పిల్లాడికీ) అనే తన ఇద్దరు పిల్లలకు తన అమ్మమ్మ ఫీల్డ్ గురించి, ఆమె కనిపెట్టుకుని ఉన్న పెద్ద భవంతి గురించి చెప్తుంటాడు. అసలు భవంతి హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోది, వ్యాసంలో నార్‌ఫోక్‌కు మారింది. లాంబ్‌కు పెళ్లే కాలేదు, పిల్లలు లేరు. ఆ లేని పిల్లలను ఎలా నమ్మించాడో గమనించండి. చివరిదాకా వాళ్లచేత నేరుగా మాట్లాడించడు, చిన్న చిన్న కదలికలు మాత్రం చూపిస్తాడు. అమ్మమ్మ నాట్యం బాగా చేసేదనగానే ఆలిస్ కుడికాలు తనంతట తానే ఆడుతుంది. పండ్లకు ఆశపడని కథకుడి బాల్యం గురించి వింటూ పిల్లాడు జాన్ చేతిలోని ద్రాక్షగుత్తిని గుట్టుగా పళ్లెంలో పెట్టేస్తాడు. ఊహించిన మనిషికి పేజీ నిండా మాటలకన్నా ఇలాంటి ఒక్క కదలిక ఎక్కువ ప్రాణం పోస్తుంది.

ఇక పశ్చాత్తాపం. అదే వ్యాసంలో, చిన్నప్పుడు కాలు కుంటుతున్న కథకుణ్ని అన్న వీపున మోసేవాడు. తర్వాత అన్నకే కాలు కుంటుపడింది. నొప్పితో విసుక్కున్నప్పుడు తాను తగినంత ఓర్చుకోలేదేమో అంటాడు కథకుడు. అన్న పోయాక అతని ప్రేమతోపాటు చిరాకు కూడా కావాలనిపిస్తుంది, తిరిగి పోట్లాడుకోవడానికైనా బతికుంటే చాలనిపిస్తుంది. క్షమించమని ఎక్కడా ఏడవడు. మోసిన వీపు, నొప్పి పెట్టిన కాలు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఆ అవసరం రాలేదు.

మన రాతల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. 'నాన్నను సరిగా చూసుకోలేకపోయాను' అని రాస్తే ఎవరికీ ఏమీ కనబడదు. 'కాలు లాగుతోందిరా అంటే టీవీ సౌండు పెంచాను' అని రాయండి, అక్కడితో ఆపండి. దాని వెనకే 'ఎంత పాపం చేశాను' అని చేరిస్తే చూపు నాన్న కాలి మీదినుంచి మీ మీదికి వచ్చేస్తుంది. 'చూడాల్సింది', 'వెళ్లాల్సింది' అనే రూపం కూడా వ్యాసం మొత్తంలో ఒక్కచోటే వాడండి. రెండోసారి వస్తే బరువు సగమవుతుంది.

వచ్చే పాఠానికి: అదే 150 మాటలను 200కు పెంచండి. ఒక 'అట', ప్రకటించిన ఊహ మూడు వాక్యాలు, ఒకే ఒక్క 'ఆల్సింది' ఉండాలి. ఆ చివరిదాన్ని ముగింపు వాక్యంగా పెట్టొద్దు, మధ్యలో ఎక్కడైనా పెట్టండి.