పాలనా, పెత్తనమా? తేల్చుకోవడం ఎలా

ముందుగా నాయకుడు మంచోడా చెడ్డోడా అన్న చర్చ పక్కన పెట్టేయండి. విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచే బ్యాచులన్నీ చేసేది ఆ చర్చే, ఎప్పటికీ తేలదు, ఎందుకంటే మీకు దేవుడిలా కనబడేవాడు మీ బావమరిదికి దుర్మార్గుడు. ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కొలత వేరు. పాలించేది ఒక్కడా, కొందరా, ఎక్కువమందా అని చూసి ఊరుకోలేదాయన, ఎవరి మేలు కోసం అని అడిగాడు. ఒక్కడు తన మేలు కోసమే పాలిస్తే నిరంకుశత్వం, సరే. ఎక్కువమంది కలిసి తమ మేలు మాత్రమే చూసుకున్నా అది దారి తప్పిన పాలనే అన్నాడు. కాబట్టి "ఓట్లేసి గెలిపించుకున్నాం కదా, ఇంకేంటి?" అన్నది జవాబు కాదు.

ప్రాక్టీసు ఢిల్లీతో మొదలుపెట్టకండి, మీ అపార్ట్‌మెంట్‌తో మొదలుపెట్టండి. మెయింటెనెన్స్ లెక్కలు అడక్కుండానే గ్రూపులో పెడుతున్నారా, ప్రెసిడెంట్ ఎప్పుడైనా మారాడా అన్నవి తేలిగ్గానే తెలిసిపోతాయి. అసలు చూడాల్సింది ఇంకోటి: జనరల్ బాడీ మీటింగులో ఒకాయన లేచి ట్యాంకర్ల బిల్లు అడిగితే పక్కనున్నవాళ్లు ఏం చేస్తున్నారు? ఫోన్లోకి తల దించేసుకుని, మర్నాడు "ఆయనకేదో కక్ష ఉందండీ" అని గుసగుసలాడుకుంటున్నారంటే టెన్షన్ పడాల్సింది అక్కడ. నిరంకుశుడు కుర్చీ కాపాడుకునే పద్ధతులను అరిస్టాటిల్ వరసగా రాశాడు: జనం ఒకచోట చేరకుండా చూడటం, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకుండా చేయడం, వేగులను పెట్టడం, తీరిక లేకుండా పనిలో ముంచేయడం. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో రాసినవి ఇవి, చదువుతుంటే మా గ్రూపు అడ్మినే గుర్తొచ్చాడు.

తర్వాత జనం రూలు ఎందుకు పాటిస్తున్నారో చూడండి. ఫ్రెంచ్ రాజకీయ తత్వవేత్త మాంటెస్క్యూ 1748లో చెప్పిందేమిటంటే నిరంకుశత్వం భయం మీద నడుస్తుంది, ప్రజల ప్రభుత్వం పౌరుల సద్గుణం మీద నడుస్తుంది. సద్గుణం అంటే మందు, సిగరెట్ ముట్టకపోవడం కాదు, చట్టాన్ని మనదనుకుని సొంత లాభం కంటే నలుగురి మేలుని ముందు పెట్టడం. మద్దిలపాలెంలో పోలీసు కనబడ్డాకే హెల్మెట్ నెత్తికెక్కుతోందంటే, మన్నించాలి, అక్కడ తప్పు పాలించేవాడిది మాత్రమే కాదు.

ఇక పాలించేవాణ్ణి దించే దారి. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. మన జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పాలకవర్గం గడువు 2012లో అయిపోయింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. గడువు ఐదేళ్లే, అది ముగిసేలోపే ఎన్నిక పూర్తి చేయాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. ఆ మధ్య కాలమంతా అధికారుల పాలనే. రోడ్లు పడ్డాయి, లైట్లు వెలిగాయి, కార్పొరేటర్లు లేకపోతేనే హాయి అన్నవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో మాత్రం అది ఫెయిలే, పని ఎంత బాగా జరిగినా సరే, నచ్చకపోతే ఓటుతో దించడానికి వార్డులో మనిషే లేడు కదా. చట్టప్రకారమే జరిగింది అన్న మాటకీ పడిపోకండి, 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టింది కూడా 352వ అధికరణం చూపించే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి మీ అభిమాన నాయకుడు చేసిన మూడు తప్పులు కాగితం మీద రాయండి. అవతలి పార్టీవాడు ఇంకా ఎక్కువ చేశాడన్నది లిస్టులోకి రాదు. మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చేమోగానీ రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి తీస్తుందని అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించాడు. కాగితం ఖాళీగా ఉంటే సంగతి మీకే అర్థమవుతుంది.

ఇదంతా అయ్యాక సమాచార హక్కు చట్టం కింద ఒక ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టండి. మీ వీధి కాలువ పని ఎస్టిమేట్, బిల్లు కాపీలు కావాలని రాసి జీవీఎంసీలో ఇవ్వండి, ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆపైన 30 రోజుల్లోగా అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. వెళ్లేటప్పుడు పక్క ఫ్లాటాయన్ని కూడా తీసుకెళ్లి ఆయన పేరు మీద ఇంకోటి పెట్టించండి, ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా మాత్రం రాకండి.