శరీర కదలికల్లో లోపాలను సరిదిద్దే వ్యాయామం మొదలుపెట్టించే ముందు

- ముందు నొప్పి సంగతి అడగండి. నడుము నుంచి కాలిలోకి తిమ్మిరి పాకుతోందంటే అది ట్రైనర్ పని కాదు, డాక్టరు దగ్గరికి పంపండి.
- చెప్పులు విప్పించి, చేతులు పైకెత్తించి 5 గుంజీలు తీయించండి. ఎదుటి నుంచి మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా, పక్క నుంచి మడమలు లేస్తున్నాయా చూడండి. కోనసీమ చేలల్లో ఏళ్ల తరబడి వంగి నాట్లు వేసిన ఆవిడకు చేతులు చెవుల దాకా రాకపోవచ్చు. బలవంతంగా లాగకండి.
- మడమ లేవడానికి తరచుగా కారణం బిగిసిన పిక్క. ముందు దాన్ని 30 సెకన్లు సాగదీయించండి, తరువాతే బలం పెంచేవి. ఈ వరుస తిరగేసేవాళ్లే ఎక్కువ!
- ఉక్కపోతకు నేల చెమటతో జారుతుంది. తుడవండి.
- బరువులా? గుంజీలు కుదిరాక చూద్దాం.