సర్వర్‌లోనే సిద్ధమయ్యే వెబ్ కాంపొనెంట్లను వాడే పద్ధతి

షాడో డామ్‌తో (పేజీలోని మిగతా భాగాల నుంచి వేరుగా ఉండే లోపలి నిర్మాణంతో) రాసిన వెబ్ కాంపొనెంట్‌ను (సొంత ట్యాగ్‌గా తయారుచేసుకునే పేజీ భాగాన్ని) మామూలుగా వాడితే, జావాస్క్రిప్ట్ వచ్చి నడిచేదాకా పేజీలో దాని చోటు ఖాళీగానే కనిపిస్తుంది. అందుకని షాడో డామ్‌ను సర్వర్ పంపే హెచ్‌టీఎంఎల్‌లోనే రాయాలి. కాంపొనెంట్ ట్యాగ్ లోపల టెంప్లేట్ ట్యాగ్ పెట్టి, దానికి షాడోరూట్‌మోడ్ అనే ఆట్రిబ్యూట్‌ను ఓపెన్ అనే విలువతో ఇస్తే, బ్రౌజర్ ఆ హెచ్‌టీఎంఎల్‌ను చదువుతూనే షాడో రూట్‌ను (షాడో డామ్‌కు మూలాన్ని) ఏర్పరుస్తుంది. స్టైల్ ట్యాగ్‌ను కూడా ఆ టెంప్లేట్‌లోనే ఉంచండి. క్రోమ్, సఫారీ 2023 నుంచి, ఫైర్‌ఫాక్స్ 2024 నుంచి దీన్ని సపోర్ట్ చేస్తున్నాయి.

ఎక్కువమంది తడబడేది కన్‌స్ట్రక్టర్ (కాంపొనెంట్ తయారవగానే నడిచే కోడ్) దగ్గర. నొక్కినకొద్దీ అంకె పెరిగే బటన్‌నే తీసుకోండి: షాడో రూట్ అప్పటికే ఉందో లేదో చూడకుండా దాన్ని సృష్టించే అటాచ్‌షాడోను పిలిస్తే, సర్వర్ పంపిన బటన్, అంకె రెండూ తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి ముందు దిస్.షాడోరూట్‌ను పరీక్షించి, అది ఉంటే ఉన్న బటన్‌కే క్లిక్ లిజనర్‌ను (నొక్కినప్పుడు నడిచే కోడ్‌ను) తగిలించి, లేకపోతేనే కొత్తది సృష్టించండి.

బ్రౌజర్‌లో మాత్రమే ఉండే విండో, డాక్యుమెంట్‌లను తాకే కోడ్ సర్వర్‌లో నడవదు. దాన్ని, కాంపొనెంట్ పేజీలో చేరినప్పుడు నడిచే కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌లోకి మార్చడమే నా దృష్టిలో మేలైన అలవాటు. లిట్ (వెబ్ కాంపొనెంట్లు రాసేందుకు వాడే లైబ్రరీ) వాడేవారు హైడ్రేషన్ (సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌కు జావాస్క్రిప్ట్‌ను జతచేయడం) సపోర్ట్ మాడ్యూల్‌ను లిట్ కంటే ముందే లోడ్ చేయాలి.

చివరిగా, ఫ్రేమ్‌వర్క్ పేజీలను బ్రౌజర్‌లోనే మారుస్తుంటే, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ ద్వారా చేర్చిన టెంప్లేట్ షాడో రూట్‌గా మారదు. అక్కడ సెట్‌హెచ్‌టీఎంఎల్‌అన్‌సేఫ్‌ను, అదీ నమ్మదగిన హెచ్‌టీఎంఎల్‌కు మాత్రమే, వాడండి.